హెదువా గట్టున బెథూన్ కళాశాల

వంగదేశయాత్రకు పోవు మన యాంధ్ర సోదరీమణులు కలకత్తాలో తప్పక చూచునవి కొన్ని కలవు. కాళీఘట్టమున అమ్మవారిని దర్శింతురు. దక్షిణేశ్వరమునకు పోయి, పడవమీద గంగ దాటి బేలూరు మఠము చేరుదురు. పిల్లలు వెంటనుండిన జంతుశాలకు పోక తప్పదు. మిగిలిన ప్రొద్దంతయు చీరల దుకాణములకు సరిపోవును. ఇవి యన్నియు చూడదగినవే. కాని ఆడపిల్లను చదివించుకొనుచున్న ప్రతి తల్లియు ఆ నగరమున నుండు దినములలో ఒక పూట మిగుల్చుకొని, ఉత్తరభాగమునందలి హెదువా చెరువు కడకు పోయి రావలెనని మా మనవి.

శ్యామబజారునుండి దక్షిణముగా వచ్చు పెద్దవీధికి పూర్వము కార్న్‌వాలిసు వీధి యని పేరు. వంగరాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన డాక్టరు విధానచంద్ర రాయిగారి పేర దానిని ఇప్పుడు విధాన్ సరణి యనుచున్నారు. ఆ వీధి ప్రక్కన ఒక తోటయు, తోట నడుమ ఒక చెరువును గలవు. అదియే హెదువా. దొరల కాలమున కార్న్‌వాలిసు స్క్వేరనబడిన యీ తోటకు నేటి పేరు ఆజాద్ హింద్ బాగ్. పిల్లలు ఈత నేర్చుకొనుటకు ఈ చెరువు ప్రసిద్ధము. వివేకానందస్వామి బాల్యమున తిరిగిన వీధులును, ఆయన చదివిన కళాశాలయు ఇక్కడికి దగ్గరనే యున్నవి. తోట కెదురుగా వీధి కవతలిప్రక్క స్తంభములతో నొక పాతభవనము కనబడును. అది బెథూన్ కళాశాల. భారతదేశమున స్త్రీల కొరకు ఏర్పడిన కళాశాలలలో మొదటిది.

భవనమును చూచి ఆశ్చర్యపడవలసిన దేమియు లేదు. కలకత్తాలో దీనికంటె గొప్ప మేడలు ఎన్నియో కలవు. ఈ ద్వారము ఎవరి చేతులమీదుగా తెరువబడెను, ఎవరికి కొంతకాలము మూయబడియుండెను, తుదకు లోపలి పెత్తనము ఎవరికి దక్కెను, అను చరిత్రయే చూడదగినది. రాతిలో కనబడని యీ చరిత్రను తెలిసికొని పోయినవారికే ఆ స్థలము మాటలాడును.

జాన్ ఎలియట్ డ్రింక్‌వాటర్ బెథూన్ అను నాంగ్లేయుడు 1848లో గవర్నరు జనరలుగారి సభలో న్యాయశాఖ సభ్యుడుగా వచ్చెను. విద్యాశాఖను పాలించు సంఘమునకు అధ్యక్షత కూడ ఆయనదే. ఆడపిల్లలకు బడి పెట్టవలెనని ఆయన తలచినప్పుడు, క్రైస్తవమత బోధకుల బడులు లేకపోలేదు. కాని మతము చెడునను భయముచేత పెద్దకుటుంబములవారు తమ పిల్లలను వానికి పంపకుండిరి. కావున బెథూన్ మూడు కట్టుబాట్లు చేసెను. బడిలో మతబోధ యుండదు. చదువు వంగభాషలోనే సాగును. ఇంగ్లీషు తలిదండ్రులు కోరినప్పుడు మాత్రమే. చేరువారు హిందూ గృహస్థుల పిల్లలై యుండవలెను. ఈ మూడవ కట్టుబాటును పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దానితో పని యున్నది.

1849 మే 7వ తేదీన 21 మంది బాలికలతో పాఠశాల ప్రారంభమయ్యెను. దక్షిణారంజన ముఖోపాధ్యాయుడను ఉదారుడు సుకియా వీధిలోని తన యింటిని అద్దె లేకుండ ఇచ్చుటయేగాక, భవనము కట్టుటకై భూమిని కూడ దానము చేసెను. సంస్కృత పండితుడగు మదనమోహన తర్కాలంకారుడు తన కుమార్తెలు భువనమాల, కుందమాల యను వారిని మొదటి దినముననే పంపెను. పంపి యూరకుండక, తాను స్వయముగా పాఠములు చెప్పి, చిన్నపిల్లలకు వాచకమును వ్రాసి యిచ్చెను. దేవేంద్రనాథ ఠాకూరుగారు తమ కుమార్తె సౌదామినిని 1851లో చేర్చిరి. బాలికలను మూసిన బండిలో తీసికొనివచ్చి మరల ఇండ్లకు చేర్చుచుండిరి. కుమార్తెను శ్రద్ధతో పెంచి చదివింపవలయునను అర్థముగల సంస్కృతవాక్యమును బండి ప్రక్కల వ్రాయించిరి. వీధిలోనివారు ఆ బండిని చూచి ఎగతాళి చేసిరి. పిల్లలను పంపినవారిని బంధువులు నిందించిరి. చదువుకొన్న యాడుది వితంతువగునని నమ్మిన దినములవి. ఆ నమ్మకము మన గోదావరి తీరమున కూడ ఉండినదే గదా!

ఈ బెథూనుతో మన ప్రాంతమునకు గల యొక చిన్న సంబంధమును ఇచ్చట చెప్పవలెను. ఆ సంవత్సరములలోనే వంగకవి మైకేలు మధుసూదన దత్తుడు చెన్నపట్టణమున ఉపాధ్యాయవృత్తిలో నుండి, ఇంగ్లీషున నొక కావ్యము వ్రాసి 1849లో అచ్చు వేయించెను. దాని ప్రతి బెథూనుకు చేరెను. పరభాషలో వ్రాయుటకంటె ఆ ప్రతిభను మాతృభాషకు వినియోగించుట మేలని ఆయన కవిమిత్రుని మూలమున తెలియజేసెను. మధుసూదనుడు చెన్నపట్టణముననే తెలుగును, సంస్కృతమును ప్రతిదినము కొంతసేపు చదువుచుంటినని మిత్రునకు వ్రాసియుండెను. తరువాత స్వదేశము చేరి వంగభాషలో మహాకావ్యము రచించెను. బాలికలకు మాతృభాషలో చదువు చెప్పవలెనన్న వాడును, కవికి మాతృభాషలో వ్రాయుమని చెప్పినవాడును ఒక్కడే. ఆ రెండు సలహాలును ఒక్క బుద్ధినుండి పుట్టినవే.

1850 నవంబరు 6వ తేదీన హెదువా యెదుట భవనమునకు శంకుస్థాపన జరిగెను. అది పూర్తియగుట బెథూన్ చూడలేదు. 1851 ఆగస్టు 12వ తేదీన ఆయన కలకత్తాలోనే మరణించెను. ఆయన సమాధి లోయరు సర్క్యులరు రోడ్డు శ్మశానవాటికలో నున్నది. మధుసూదనుని సమాధియు అక్కడనే యున్నది గనుక, ఆసక్తి గలవారు రెంటిని ఒక్కమారే చూడవచ్చును.

ఒక్కని ఔదార్యముపై నిలిచిన సంస్థకు ఆ యొక్కడు పోయిన తరువాత వచ్చు కష్టము మన యిండ్లలో తెలియనిది గాదు. పెద్దదిక్కు పోయిన సంసారమువలె పాఠశాల కొంతకాలము తల్లడిల్లెను. గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువు తాను దేశము విడిచిపోవు వరకు తన సొంత సొమ్ముతో దానిని నిలిపెను. 1856లో ప్రభుత్వము దాని భారమును వహించి, పాలకసంఘము నేర్పరచెను. బెథూన్ కోరికపై 1850 చివరనుండియే కార్యదర్శిగా నుండిన ఈశ్వరచంద్ర విద్యాసాగరులనే ఆ సంఘమునకు కార్యదర్శిగా నియమించిరి. వితంతువివాహమునకై పోరాడిన ఆ మహనీయుడే ఈ పాఠశాల లెక్కలును, బండ్లును, ఉపాధ్యాయినుల జీతములును చూచుకొనుచుండెను. మహాపురుషుల కీర్తిని చెప్పునప్పుడు ఇట్టి చిల్లరపనులను మనము మరతుము. సంస్థలు బ్రతుకునది ఇట్టి పనులచేతనే.

ఇచ్చట నొక చిక్కు గలదు. పాఠశాల ఆడపిల్లలది, పెత్తనము మగవారిది. వారు సజ్జనులు కారని కాదు. కాని తొమ్మిది పదియేండ్లు రాగానే బాలికకు పెండ్లి యగును, చదువు మానును. చదువు మానిన పిల్ల ఉపాధ్యాయిని కాజాలదు. ఉపాధ్యాయినులే లేనప్పుడు పాఠశాల నడపుటకు స్త్రీ యెక్కడనుండి వచ్చును? కుండ లేక నీరు లేదు, నీరు లేక కుండ తయారుకాదు అన్నట్లయ్యెను.

1866లో ఇంగ్లండునుండి మేరీ కార్పెంటరు అను విదుషి వచ్చి, ఉపాధ్యాయినులను తయారు చేయు పాఠశాల నొకదానిని పెట్టవలెనని పట్టుబట్టెను. విద్యాసాగరులు ఆమెతో ఉత్తరపాడా గ్రామమునందలి బాలికల బడిని చూచుటకు పోయి తిరిగివచ్చునప్పుడు, ఆయన బండి బోల్తాపడి గట్టి దెబ్బ తగిలెను. ఆయన దేహారోగ్యము మరల పూర్తిగా కుదుటపడలేదు. అయినను ఆమె యోచనను ఆయన అంగీకరింపలేదు. ఎదిగిన యింటి స్త్రీలను బయటి కొలువునకు పంపుటకు గౌరవ కుటుంబములవారు ఒప్పుకొనరనియు, వచ్చువారు దిక్కులేని వితంతువులే యగుదురనియు, వారిని లోకము అనుమానించుననియు 1867లో ప్రభుత్వమునకు వ్రాసెను. ఆశయము మంచిదే, కాలము రాలేదు, అని ఆయన యభిప్రాయము. ప్రభుత్వము పాఠశాలను పెట్టియే చూచెను. ఆయన చెప్పినట్లే అది సాగక 1872లో మూతపడెను.

ఆయన చెప్పినది ఆనాటికి నిజమే. కాని ఆ కాలము తనంతట తాను రాలేదు. దానిని కొందరు ముందునకు లాగుకొని వచ్చిరి. అన్నెట్ అక్రాయిడ్ అను నాంగ్లయువతి 1873లో కలకత్తాలో వయసువచ్చిన బాలికలకై హిందూ మహిళా విద్యాలయమును స్థాపించెను. ఆమె పెండ్లి చేసికొని పోయిన పిదప ద్వారకానాథ గంగోపాధ్యాయుడు, దుర్గామోహన దాసు, ఆనందమోహన బోసు మున్నగు బ్రహ్మసామాజికులు 1876లో దానిని వంగ మహిళా విద్యాలయమను పేర నడపిరి. ఆ విద్యాలయము 1878లో బెథూన్ పాఠశాలతో కలిసెను. పేరు, భవనము, ప్రభుత్వపు సొమ్ము బెథూన్ పాఠశాలవి. చదువవలెనను పట్టుదలగల యెదిగిన బాలికలు ఆ చిన్నవిద్యాలయమువారు. రెండు సంసారములు కలిసి యొక పెద్దసంసార మైనట్లయ్యెను.

అట్లు వచ్చినవారిలో కాదంబినీ బసు ఒకతె. 1878లో ఆమె కలకత్తా విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షలో నుత్తీర్ణురాలయ్యెను. తరువాతి చదువునకు స్త్రీలకు తగిన కళాశాల లేదు. పురుషుల కళాశాలకు పంపుట ఆనాడు ఊహకందని మాట. 1879లో ప్రభుత్వము బెథూన్ పాఠశాలలోనే కళాశాల తరగతిని తెరిచెను. అందు విద్యార్థిని ఒక్కతెయే! ఒక్క పిల్లకై కళాశాలయా యని నవ్వినవారు నవ్విరి. ఇంటి లెక్క చూచు మనకు కూడ అది దండుగ ఖర్చుగానే తోచును. ఐనను విత్తనపు వడ్లను కొలిచి యింతే గదా యనువాడు రైతు కాడు. ఆ కాదంబినియే పట్టభద్రురాలై, వైద్యము నేర్చి, వేలకొలది స్త్రీలు పరదా చాటున వైద్యము లేక బాధపడు దినములలో వైద్యురాలయ్యెను.

ఇక మూడవ కట్టుబాటును జ్ఞాపకమునకు తెచ్చుకొందము. డేరాడూనులో భువనమోహన బసు అను వంగీయ క్రైస్తవుని యింట చంద్రముఖి యను బాలిక పెరిగెను. 1876లో ఆమె ప్రవేశపరీక్ష వ్రాయుటకు అనుమతి వేడెను. స్త్రీలు పరీక్షకు కూర్చుండవచ్చునని విశ్వవిద్యాలయపు నిబంధనలలో ఇంకను లేదు. కావున వ్రాయనిచ్చిరి గాని, ఉత్తీర్ణుల పట్టికలో పేరు వేయమనిరి. ఆమె వ్రాసి నెగ్గెను. 1878లో నిబంధన మారెను. చంద్రముఖి కలకత్తాకు వచ్చి బెథూన్ పాఠశాలలో చేరగోరెను. హిందువు కాదను కారణమున ఆమెకు ప్రవేశము దొరకలేదు. క్రైస్తవ మిషనువారి విద్యాలయమున చేరి యఫ్.ఏ. పూర్తిచేసెను.

ముప్పదియేండ్ల క్రిందట పిల్లలను బడికి రప్పించుటకై పెట్టిన కట్టుబాటు, ఇప్పుడు వచ్చిన పిల్లను బయటికి పంపెను. కట్టుబాటు పుట్టినప్పుడు దానికి కారణమున్నది. కారణము తీరిన పిదపను కట్టుబాటు నిలిచియుండుట ఇండ్లలోను జరుగును, సంస్థలలోను జరుగును. అదృష్టవశమున కళాశాల తరగతులు అన్ని మతములవారికిని తెరువబడెను. చంద్రముఖి బి.ఏ. తరగతిలో ఇచ్చటనే చేరెను. 1883లో కాదంబినియు ఆమెయు కలిసి పట్టము పుచ్చుకొనిరి. మన దేశమున స్త్రీలు బి.ఏ. పట్టభద్రులగుట అదియే మొదలు. 1884లో చంద్రముఖి ఇంగ్లీషున యం.ఏ. కూడ నెగ్గెను. వృద్ధుడైన విద్యాసాగరులు సంతసించి షేక్స్‌పియరు గ్రంథములను ఆమెకు కానుకగా పంపిరి. ఉపాధ్యాయినులు దొరకు కాలము రాలేదని వ్రాసిన చేతులే ఆ కానుక పంపినవి. కాలము వచ్చినదని ఆయన సంతోషముతో ఒప్పుకొనెను.

1886లో చంద్రముఖి బెథూన్ విద్యాలయమునందే బోధకురాలయ్యెను. 1888లో కళాశాల పాఠశాలనుండి వేరుపడెను. చంద్రముఖి ఆ కళాశాలకు ప్రిన్సిపాలయ్యెను. డిగ్రీ కళాశాలకు స్త్రీ ప్రధానాధికారిణి యగుట మన దేశముననే యది ప్రథమము. పదియేండ్ల క్రిందట ఏ ద్వారమున ఆమెకు ప్రవేశము లేకుండెనో, ఆ ద్వారమున ఎవరు రావలెను, ఎట్లు చదువవలెను అని చూచు బాధ్యత ఆమెదే యయ్యెను. తరువాత అనారోగ్యముచే విరమించి డేరాడూను చేరి, 1944లో పరమపదించెను.

ఆమెకు సర్వాధికారము దక్కెనని మేము చెప్పము. పైన విద్యాశాఖ యుండెను, దొర లుండిరి, జీతములు ప్రభుత్వమువి. కాని ప్రతిదినపు పాలన యనునది వేరు. చదువు మానిపించుటకు వచ్చిన తండ్రితో మాటలాడునది ఎవరు, జబ్బుపడిన పిల్లను గుర్తించునది ఎవరు, నీవు చదువగలవు అని చెప్పునది ఎవరు? తాను ఆ బల్లమీద కూర్చుండి చదివిన స్త్రీ ఆ మాట చెప్పినప్పుడు దానికి సాక్ష్యమక్కరలేదు. ఆమెయే సాక్ష్యము.

మార్గమేర్పడిన పిదప నడచువారు పెరిగిరి. కామినీ సేను 1886లో సంస్కృతమున ఆనర్సుతో పట్టభద్రురాలై, ఇచ్చటనే ఉపాధ్యాయినియై, కామినీ రాయి యను పేర కవయిత్రిగా ప్రసిద్ధి చెందెను. కుముదినీ ఖాస్తగీరు మైసూరు మహారాణీ పాఠశాలలో పని చేసి, తరువాత కుముదినీ దాసను పేర ఇచ్చట ప్రిన్సిపాలయ్యెను. చదివినవారే బోధింపగా, బోధించినవారే పాలింపగా, నాటి కుండయు నీరును సమస్య తీరెను.

విద్యార్థినులు ఎల్లప్పుడును అధికారుల మాట వినలేదు. వినిపించుకొన గోరిన తరము నొకటి తయారు చేసిన తరువాత, ఆ తరము అడుగకుండునా? 1928లో సైమను కమిషను వచ్చినప్పుడు ఈ కళాశాల కన్యలును నిరసనలో పాల్గొనిరి. కల్పనా దత్తు చట్టగ్రామమునుండి ఇచ్చటికి విజ్ఞానశాస్త్రము చదువ వచ్చెను. ప్రీతిలతా వద్దేదారు ఇచ్చటనే తత్త్వశాస్త్రము చదివి, 1932లో స్వాతంత్ర్య సమరమున ప్రాణములర్పించెను. దొరతనమువారు ఆమెకును, బీనా దాసుకును పట్టములు ఇవ్వక ఆపిరి. ఎనుబది యేండ్లకు, 2012లో, కలకత్తా విశ్వవిద్యాలయము ఆ యిరువురకును మరణానంతరము పట్టములు ప్రదానము చేసెను. 1876లో నెగ్గిన పేరును పట్టికలో వేయకపోవుట, 1932లో నెగ్గిన పట్టమును చేతికియ్యకపోవుట, రెండును ఒక్క విశ్వవిద్యాలయపు చరిత్రలోనివే. రెంటిని సవరించినదియు ఆ విశ్వవిద్యాలయమే.

మన ప్రాంతపు మాట కొంచెము చెప్పి ముగింతుము. వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టినది 1874లో. హెదువా యెదుట కళాశాల తరగతి తెరచుటకు అయిదేండ్లు ముందు. ఆయనకు దక్షిణదేశ విద్యాసాగరుడను పేరు వచ్చుట ఊరక కాదు. కాని బడినుండి కళాశాలకు మనవారి దారి దీర్ఘమయ్యెను. చెన్నపట్టణమున సముద్రతీరమందు స్త్రీల కళాశాల 1914లో ఏర్పడెను. తరువాత క్వీన్ మేరీ కళాశాల యని పేరు పొందిన దానిని తొలిదినమునుండి 1936 వరకు డొరతీ డి లా హే అను స్త్రీయే పాలించెను. హైదరాబాదులో ఆడపిల్లల కళాశాల 1924లో మొదలై, 1949లో కోఠీలోని రెసిడెన్సీ మేడలోనికి వచ్చెను. తిరుపతిలో 1983లో పద్మావతీ అమ్మవారి పేర మహిళా విశ్వవిద్యాలయమే వెలసెను. మనకు ఇప్పుడు కళాశాలల కొరత లేదు.

ఐనను బెథూన్ కళాశాల నేర్పిన పాఠము పాతబడలేదు. పిల్లను కళాశాలలో చేర్చునప్పుడు మనము మేడను చూతుము, బస్సును చూతుము, రుసుమును చూతుము. ఇంకను రెండు ప్రశ్నలు అడుగవలెను. లోపల నిర్ణయములు చేయువారిలో స్త్రీలెందరు? ఏ పిల్లకు ఈ ద్వారము మూయబడియున్నది, అందుకు నేటికిని కారణము కలదా? ఈ ప్రశ్నలు అడుగు తల్లులుండిన చోట సంస్థలు చెడవు.

హెదువా కడకు పోవువారు సెలవుదినమున గాక చదువు జరుగు దినమున పోవుట మంచిది. ఇది నేటికిని ప్రభుత్వ కళాశాల. స్త్రీల విద్యాలయము గావున పని లేనివారిని లోనికి పంపరు. వీధిలో నిలిచి చూచినను చాలును. పుస్తకములు చేతబట్టి గుంపులు గుంపులుగా బాలికలు వచ్చు సమయమున వారిని లెక్కించుటకు ప్రయత్నింపుడు. లెక్క తప్పును. 1879లో ఆ లెక్క ఒకటి.